కడపలో కొత్త ల్యాబ్: ఇమ్యునాలజీకి మొదటి గ్రాంటు ఎవరిని అడగాలి?

దేవునికడప:
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఇమ్యునాలజీలో పీహెచ్‌డీ చేసి, ఈ మధ్యే కడపలో ఒక యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాను, రెగ్యులర్ పోస్టే. ఒక గది ఇచ్చారు, ఎలైజా రీడర్ (రక్తంలో ప్రోటీన్లు, యాంటీబాడీలు కొలిచే పరికరం) ఉంది, మైనస్ 20 ఫ్రీజర్ ఉంది, అంతే. స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కుడితే వచ్చే బ్యాక్టీరియా జ్వరం) మీద పని చేయాలని ఉంది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టిన రెండు మూడు రోజులకే కొందరికి జ్వరం దిగిపోతుంది, ఇంకొందరు ఊపిరితిత్తులు దెబ్బతిని ఐసీయూ దాకా పోతారు, ఆ తేడా రోగనిరోధక వ్యవస్థలో ఎక్కడ వస్తోందన్నది నా ప్రశ్న. ప్రొపోజల్‌లో ఫ్లో సైటోమెట్రీ (లేజర్‌తో కణాల రకాలు లెక్కపెట్టడం), సింగిల్ సెల్ సీక్వెన్సింగ్ (ఒక్కో కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చదవడం) అన్నీ పెట్టాను. మా సీనియర్ ఒకాయన చూసి "ఇదంతా ఢిల్లీ వాళ్లు రాసుకునేది, నీకెవరిస్తారమ్మా" అనేశారు. నిజంగానే మన ఊళ్ల యూనివర్సిటీలకి ఇవ్వరా? ఎవరిని అడగాలి, ఎంత అడగాలి?

కొండారెడ్డి_బురుజు:
ఇస్తారు మేడమ్. ఈ ప్రొపోజల్‌కి మాత్రం ఇవ్వరు.

నేను కర్నూలులో మైక్రోబయాలజీ డాక్టర్‌ని, ఇలాంటివి కొన్ని చదివాను. కమిటీలో కూర్చున్నవాళ్లు ముందు చూసేది ఆ రక్తం ఎవరి దగ్గర నుంచి వస్తుంది, ఎన్ని గంటల్లో మీ బల్ల మీదికి చేరుతుంది అని. మీరు రాసిన పద్ధతులకి బతికున్న కణాలు కావాలి, దానికి రక్తం తీసిన కొన్ని గంటల్లోనే వేరుచేయాలి, లేదంటే ద్రవ నైట్రోజన్‌లో దాచాలి, రెండూ మీ దగ్గర ఇప్పుడు లేవు. సీరమ్ (రక్తం గడ్డకట్టాక పైన మిగిలే ద్రవం) అయితే ఆ గొడవ లేదు. 96 గుంటల ఎలైజా ప్లేట్‌లో స్టాండర్డ్స్‌కి (పోల్చుకోవడానికి వేసే, లెక్క తెలిసిన శాంపిల్స్) 16 పోయినా, ఒక్కో శాంపిల్ రెండేసి గుంటల్లో వేస్తే 40 మంది పడతారు. 80 మంది రోగులు, నాలుగు సైటోకైన్లు (రోగనిరోధక కణాలు వదిలే సంకేత ప్రోటీన్లు) అనుకుంటే ఎనిమిది ప్లేట్లు, మీ రీడర్ చాలు. కాకపోతే సీరమ్‌ని మొదటిరోజే చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచి మైనస్ 80లో పెట్టాలి, మళ్లీ మళ్లీ కరిగించి గడ్డకట్టిస్తే సైటోకైన్ల లెక్క తప్పుతుంది. అందుకే ఎక్విప్‌మెంట్ బడ్జెట్‌లో మొదట మైనస్ 80 ఫ్రీజర్, దానికి బ్యాకప్ కరెంటు రాయండి, ఎండాకాలంలో మన సంగతి తెలిసిందే కదా.

ఇంకోటి, జ్వరం వచ్చి ఎన్నో రోజు, డాక్సీ మొదటి డోసు పడిందా లేదా, ఈ రెండూ ప్రతి శాంపిల్‌కీ రాసి ఉండాలి, లేకపోతే మీరు కొలిచింది జబ్బునా మందునా అని అడుగుతారు. వీల్-ఫెలిక్స్ అనే పాత రక్తపరీక్ష ఒక్కదాన్నే నమ్ముకుని కేసులు తీసుకుంటే రివ్యూలోనే ఎగిరిపోతుంది, ఐజీఎం ఎలైజా (కొత్తగా వచ్చిన యాంటీబాడీల పరీక్ష) ఉండాలి, పురుగు కుట్టిన చోట నల్లటి పుండు పెచ్చు దొరికితే దాని మీద పీసీఆర్ చేయిస్తే ఇంకా మంచిది. ఒరియెన్షియాని (ఈ జబ్బు తెచ్చే బ్యాక్టీరియా) పెంచడానికి బీఎస్ఎల్-3 (గట్టి భద్రత ఉన్న ల్యాబ్) కావాలి, కాబట్టి కల్చర్ చేయబోమని ఒక వాక్యం స్పష్టంగా రాసేయండి. డబ్బుల కంటే ముందు ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ డాక్టర్ ఒకరిని కో-పీఐగా (ప్రాజెక్టులో సహ పరిశోధకులుగా) ఒప్పించి ఎథిక్స్ కమిటీకి పెట్టండి, మన దగ్గర ఎక్కువ ఆలస్యమయ్యేది అక్కడే.

శెనక్కాయ_అనంత:
బురుజు సార్ సైన్సు చెప్పారు, నేను డబ్బుల సంగతి చెప్తా. రెగ్యులర్ పోస్టు, కొత్తగా చేరారు కాబట్టి ముందు చూడాల్సింది కేంద్రం తరఫున పరిశోధన నిధులిచ్చే ఏఎన్ఆర్ఎఫ్ వాళ్ల ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ రీసెర్చ్ గ్రాంటు. దానికి ముందున్న సెర్బ్ అనే సంస్థలో స్టార్టప్ గ్రాంటు రెండేళ్లకి 30 లక్షలు ఉండేది, ఇది మూడేళ్లకి 60 లక్షలు. వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ బయటి సంస్థలకిచ్చే ఎక్స్‌ట్రామ్యూరల్‌లో స్మాల్ గ్రాంటు అన్నా అది 2 కోట్ల దాకా ఉంటుంది, పేరు చూసి మోసపోవద్దు, చిన్న డేటా అయినా చేతిలో పెట్టుకుని అక్కడికి పోతే మంచిది. వయసు, చేరిన తేదీ నిబంధనలు ప్రతి కాల్‌కీ చదువుకోండి, మారుతుంటాయి.

డబ్బు వచ్చాక అసలు కథ. మేం పని చేసిన చోట (పేరు వద్దులే) యుటిలైజేషన్ సర్టిఫికెట్ (ఇచ్చిన డబ్బు ఖర్చు పెట్టామని చూపే పత్రం) మీద సంతకం అకౌంట్స్ సెక్షన్‌లో ఎవరు పెట్టాలో తేలక ఫైలు టేబుల్ మార్చుకుంటూ కూర్చుంది, రెండో ఏడాది విడుదల ఆగింది, ప్రాజెక్టు అసిస్టెంట్ పిల్లకి జీతం లేదు. మీ ఫైనాన్స్ ఆఫీసర్‌ని ముందే కలిసి ఆ సర్టిఫికెట్‌కి వాడే జీఎఫ్ఆర్ 12-ఏ ఫారం చూపించి మాట్లాడుకోండి. ఫ్లో సైటోమీటర్ కొనే ఆలోచన పెట్టుకోవద్దు, అవసరమైతే పరిశోధన పరికరాలు పంచుకునే ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఎక్కడ ఖాళీగా ఉందో చూసి గంటల లెక్కన బుక్ చేసుకోవచ్చు.

ఉగ్గాని_బజ్జి:
అన్నా, మరి నాలాగా పోస్టు లేనివాళ్ల సంగతేంటి? పీహెచ్‌డీ అయిపోయింది, ఇంటర్వ్యూలు తిరుగుతున్నా.

శెనక్కాయ_అనంత:
తమ్ముడూ, కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్ చూడు, ఐదేళ్లు జీతంతో పాటు ఏడాదికి 7 లక్షలు పరిశోధనకి ఇస్తారు, జనరల్‌కి 32 ఏళ్ల లోపు ఉండాలి. బయోమెడికల్ పరిశోధనకి డబ్బిచ్చే ఇండియా అలయన్స్ వాళ్ల ఎర్లీ కెరీర్ ఫెలోషిప్ కూడా ఉంది, ఆఫీసు హైదరాబాద్‌లోనే, పోస్టు లేకపోయినా పర్లేదు, నిన్ను పెట్టుకునే సంస్థ ఒకటి ఉండాలి. పోటీ మాత్రం మామూలుగా ఉండదు.

దేవునికడప:
చాలా థ్యాంక్స్. సింగిల్ సెల్ తీసేశాను. ఆసుపత్రిలో మెడిసిన్ మేడమ్ ఒకరు సరే అన్నారు, కానీ పేపర్‌లో మొదటి పేరు తనదే ఉండాలంటున్నారు. ఏమనాలి?

కొండారెడ్డి_బురుజు:
ఇప్పుడే రాతపూర్వకంగా తేల్చుకోండి. ల్యాబ్ డేటా పేపర్‌లో మొదటి పేరు మీ స్టూడెంట్‌ది, చివరి పేరు మీది; రోగ లక్షణాల మీద విడిగా ఒక క్లినికల్ పేపర్ రాస్తే దాంట్లో మొదటి పేరు ఆమెది. మా వైపు డాక్టర్లు చాలామంది దీనికి ఒప్పుకుంటారు, ప్రమోషన్‌కి వాళ్లకీ పేపర్లు కావాలి కదా.