‘అమ్ముడుపోయాడు’ అనే మాట గురించి

అందరికీ నమస్కారం. ఈ గ్రూపులో చర్చలు రోజూ చదువుతాను గానీ నేనుగా ఒక మాట ముందు పెట్టడం ఇదే మొదలు. మాది ప్రకాశం జిల్లాలో కొండపి పక్క పల్లె. ఇరవై ఏళ్లుగా నెల్లూరులో డీటీపీ పని చేసుకుంటున్నాను.

మా చెల్లెలి కొడుకు మా ఇంట్లోనే ఉండి ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతున్నాడు. ర్యాప్ రాస్తాడు, పాడతాడు. సాయంత్రమైతే నలుగురు కుర్రాళ్లు పెన్న గట్టున చేరి, ఒకడు నోటితో దరువు వేస్తుంటే మిగతావాళ్లు అందుకుంటారు. అంతా మన నెల్లూరు యాసే. నెల కిందట ఒక రికార్డింగ్ స్టూడియో వాళ్లు వీడి పాట విని కొనుక్కుంటామన్నారు. వీడు ఆనందం పట్టలేక ఆ కబురు ఫోన్‌లో నలుగురికీ తెలిసేలా పెట్టుకున్నాడు. దాని కింద, వీడితో కలిసి పాడే కుర్రాడే ఒకడు రాశాడు: “అమ్ముడుబొయ్యావు గదరా.”

అంతే. వీడు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు రాత్రి నా పక్కన వచ్చి కూచుని, “మామా, నేను నిజంగా అమ్ముడుపోయానా?” అని అడిగాడు.

నాకు ర్యాప్ తెలియదు, ‘అమ్ముడుపోవడం’ అనే మాట మాత్రం బాగా తెలుసు. ఆ మాట వింటూనే పెరిగాను.

మా నాయన పొగాకు రైతు. వేలం రోజున తెల్లవారకముందే ట్రాక్టరు మీద బేళ్లు వేసుకుని వెళ్లేవాడు. చిన్నప్పుడు రెండు మూడు సార్లు నన్నూ తీసుకుపోయాడు. పెద్ద షెడ్డులో బేళ్లన్నీ వరసగా పేర్చి ఉంటాయి. కొనేవాళ్లు ఆ వరస వెంట నడుస్తూ గోనెపట్టా పక్కకు లాగి, గుప్పెడాకు బయటికి తీసి, వెలుతురుకు పట్టి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్లీ బేలు మీద పడేసి ముందుకు పోతారు. ఒక్కో బేలు దగ్గర ఎంతోసేపు నిలబడరు. ఏడాది కష్టానికి రేటు అంతలోనే తేలిపోతుంది. ఎవరూ పాడకపోతే అది ‘నోబిడ్’. ఆ బేలు మళ్లీ ఇంటికే.

సాయంత్రం ట్రాక్టరు చప్పుడు వినపడగానే అమ్మ వాకిట్లోకి వచ్చేది. “అమ్ముడుపోయిందా?” అని ఒకే మాట. నాయన “పోయింది” అంటే లోపలికెళ్లి పొయ్యి మీద ఎసరు పెట్టేది. నాయన పలక్కపోతే ఇంకేమీ అడిగేది కాదు.

నేను ఎరిగిన ‘అమ్ముడుపోవడం’ అది. మా ఇంట్లో అంతకు మించిన మంచి కబురు లేదు. అదే మాట ఒక మనిషికి తగిలిస్తే ఇంత తిట్టు ఎలా అయ్యింది? ‘బేలు అమ్ముడుపోయింది’ అంటే పండగ, ‘వాడు అమ్ముడుపోయాడు’ అంటే ముఖం ఎత్తుకోలేని మాట.

నాకు తోచింది చెబుతాను, తప్పుంటే దిద్దండి. ‘అమ్మాడు’ అంటే చేసినవాడు కనిపిస్తాడు. ‘అమ్ముడుపోయింది’లో చేసినవాడు కనిపించడు, సరుకు మాత్రమే ఉంటుంది. అందుకే మనిషిని ‘అమ్ముడుపోయాడు’ అనగానే వాణ్ని సరుకుల వరసలో నిలబెట్టినట్టు అవుతుంది. మనుషుల విషయంలో ‘పోవడం’ చేరే మాటలు చూడండి: మోసపోవడం, నష్టపోవడం, ఓడిపోవడం. అన్నిట్లోనూ చేతిలోది జారిపోయిన బాధే. ఆ తిట్టు ఆ గుంపులోకి వెళ్లి కూచుంది.

‘అమ్ముకోవడం’ దారి వేరు. ‘కూరగాయలు అమ్ముకుని పిల్లల్ని చదివించింది’ అంటే గౌరవం. ‘కలాన్ని అమ్ముకున్నాడు’ అంటే నింద. క్రియ మారలేదు, అమ్మిన వస్తువు మారింది. ఏది అమ్మొచ్చు, ఏది అమ్మకూడదు అనే లెక్క భాష లోపలే ఉంది. ‘కమర్షియల్’ సంగతీ అంతే. సినిమా కమర్షియల్ హిట్ అయితే మెచ్చుకుంటాం, మనిషి కమర్షియల్ అంటే దూరం జరుగుతాం.

మావాడు చెప్పాడు, ఇంగ్లీషులోనూ ఇదే తకరారట. హాలు దగ్గర ‘సోల్డ్ అవుట్’ బోర్డు పెడితే గొప్ప. ర్యాప్‌కి పుట్టిల్లయిన హిప్‌హాప్‌లో ఒక మనిషిని ‘సెల్లౌట్’ (అమ్ముడుపోయినవాడు) అంటే అంతకంటే తిట్టు లేదు. ఎక్కడో అమెరికా పేటల్లో వాడే తిట్టు, మా పొగాకు షెడ్డు మాట వేసుకుని పెన్న గట్టుకొచ్చి మావాడికి తగిలింది.

ఆ రాత్రి వాడూ నేనూ కూచుని హిప్‌హాప్ ఎలా మొదలైందో వెతికి చదివాం. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, సెడ్జ్‌విక్ ఎవెన్యూలోని 1520 నంబరు అపార్ట్‌మెంటు కింది హాల్లో ఒక పార్టీ జరిగింది. రికార్డులు తిప్పింది జమైకా నుంచి వచ్చిన కుర్రాడు, డీజే కూల్ హెర్క్. పాటలో పాడటం ఆగి దరువు ఒక్కటే మోగే ముక్కని పట్టుకుని, దాన్నే మళ్లీ మళ్లీ సాగదీయడం అతని ప్రత్యేకత. ఆ పార్టీ పెట్టింది మాత్రం అతని చెల్లెలు సిండీ క్యాంప్‌బెల్. స్కూళ్లు తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోవాలని పెట్టింది. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు టికెట్. హిప్‌హాప్ పుట్టినరోజుగా ప్రపంచమంతా చెప్పుకునే రోజున కూడా గుమ్మం దగ్గర డబ్బులు వసూలు చేశారు! మావాడు ఆ ముక్క చదివి చాలాసేపు మాట్లాడలేదు.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. స్టూడియో వాళ్లు పాట కొంటామన్నారు గానీ రెండు మాటలు మార్చమన్నారు. వాడి చరణం ఇది:

యాడికి పోయిన నాతో నడిచే నాయన పలికిన మాటే

‘యాడికి’ని ‘ఎక్కడికి’ చేయమన్నారు, ‘నాయన’ని ‘నాన్న’ చేయమన్నారు. అందరికీ అర్థం కావాలట. మాత్రలు లెక్కపెట్టి చూడండి (పొట్టి అక్షరానికి ఒక మాత్ర, దీర్ఘానికీ ఒత్తక్షరం ముందున్న అక్షరానికీ రెండు). యాడికి, పోయిన, నాతో, నడిచే, నాయన, పలికిన, మాటే. ఏడూ నాలుగేసి మాత్రలే, ఎనిమిదో దెబ్బ దగ్గర ఊపిరి తీసుకుంటాడు. ‘ఎక్కడికి’ అయిదు మాత్రలు. ‘నాన్న’ మూడు. ఒకచోట ఒకటి ఎక్కువ, ఇంకోచోట ఒకటి తక్కువ. మొత్తం కూడితే అదే ఇరవై ఎనిమిది వస్తుంది, కాబట్టి కాగితం మీద తేడా లేదు. పాడితే మాత్రం రెండో దెబ్బ నుంచి అయిదో దెబ్బ దాకా ప్రతి మాటా ఒక మాత్ర వెనక పడుతుంది. వాడు ఛందస్సు చదవలేదు, చెవితో రాశాడు.

నా ప్రశ్న ఇది. పాట అమ్మితే ‘అమ్ముడుపోయాడు’ అనొచ్చా, లేక ‘నాయన’ని తీసేసిన రోజున అనాలా?

*

కావలి నుంచి ఒక తెలుగు టీచరు:

మంచి ప్రశ్న అన్నగారూ. మనవాళ్లు కావ్యాన్ని కూతురితో పోల్చారు. అంకితం పుచ్చుకున్నవాడు కృతిపతి, అంటే అల్లుడు. కూతుర్ని అమ్ముకోరు, ఇస్తారు. ఆ పోలికలోనే అంత ఆరాటం ఉంది. రాజులకిచ్చినవాళ్లు తక్కువ, దేవుడికిచ్చినవాళ్లు ఎక్కువ అని మనం పిల్లలకు చెప్పేస్తుంటాం. మీ నెల్లూరు కవినే చూడండి. తిక్కన నిర్వచనోత్తర రామాయణాన్ని మనుమసిద్ధికి ఇచ్చాడు. ఆ రాజు దగ్గర మంత్రి కూడా. తర్వాత భారతం పదిహేను పర్వాలు హరిహరనాథుడికిచ్చాడు. ఒకే మనిషి రెండూ చేశాడు. మొదటిదానికి ఆయన్ని ఎవరూ అమ్ముడుపోయాడనలేదు. ఎవరికిచ్చాడన్నది ఒక్కటే చూస్తే సరిపోదని నాకనిపిస్తుంది. ఇచ్చేముందు పద్యం ఎవరి మాట విన్నది, అదీ చూడాలి.

మైపాడు పక్క నుంచి ఒక సభ్యుడు:

మావైపు ‘అమ్ముడుబోలా’ అనేది చేపలకీ రొయ్యలకీ రోజూ వాడే మాట. మనిషిని అనడం ఎన్నికలప్పుడే ఎక్కువ వింటాం.

ఒంగోలు నుంచి ఒక కుర్రాడు:

అన్నా, మీరు రాసింది చదివి కళ్లల్లో నీళ్లొచ్చాయి, మా తాతదీ పొగాకే. కానీ ఒకటి ఒప్పుకోలేను. యాస ఉంచితే నిజాయితీ, తీసేస్తే అమ్ముడుపోవడం అని అంత తేలిగ్గా గీత గీయలేం. ఇప్పుడు యాస కూడా సరుకే. సినిమాల్లో నవ్వించడానికో, విలన్‌ని చూపించడానికో మన యాస పెడతారు. ఇంట్లో ఎప్పుడూ ‘యాడికి’ అననివాళ్లు పాటలో అంటున్నారు, ఎందుకంటే ఆ పాటలకు గిరాకీ ఉంది. రేపు ఇంకో స్టూడియో వచ్చి “యాస ఇంకాస్త దట్టించు” అంటే? అది కూడా మార్చడమేగా. నేనూ రాస్తాను, నాకీ టెన్షన్ రోజూ ఉంటుంది. ఎక్కువమంది విన్నంత మాత్రాన పాట చెడిపోదు కూడా. అమెరికా ర్యాపర్ కెండ్రిక్ లామార్ ఆల్బమ్ లక్షల్లో అమ్ముడుపోయింది, 2018లో అదే ఆల్బమ్‌కి పులిట్జర్ బహుమతి ఇచ్చారు.

అద్దంకి నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి:

1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ అనే ర్యాప్ బృందం పాట వచ్చినప్పుడే ర్యాప్ అమెరికా అంతటా మోగింది. అందులో ఒకతను పాడిన చరణాలు గ్రాండ్‌మాస్టర్ క్యాజ్ అనే మరో కవివి. చివరికి ఆ కవి తన మారుపేరును అక్షరం అక్షరం పలికిన చోటును కూడా మార్చకుండా పాడేశారు. క్యాజ్ పేరు మాత్రం రాసినవాళ్ల జాబితాలో వేయలేదు. నా మనవడు చెబితే నమ్మలేకపోయాను. మా అద్దంకి కొలువులో ఉన్న ఎర్రన చేసింది దీనికి నేరుగా ఎదురు. అరణ్యపర్వంలో నన్నయ ఆపినచోట అందుకుని పూర్తిచేసి, తను రాసిన భాగం కూడా నన్నయే రాసినట్టు ఉంచి, నన్నయ ఏలిక రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. ఆ రాజు పోయి అప్పటికి దాదాపు 300 ఏళ్లు. పైసా వచ్చేది లేదు. అదే ఎర్రన హరివంశాన్ని తన ఏలిక ప్రోలయ వేమారెడ్డికి ఇచ్చాడు, నృసింహపురాణాన్ని అహోబిల స్వామికి ఇచ్చాడు. పేరు, డబ్బు, పద్యం మూడూ వేరువేరు ఖాతాలు. ‘అమ్ముడుపోయాడు’ అనే మాట మూడింటినీ కలిపేస్తుంది. నా అభ్యంతరం అది.

కందుకూరు నుంచి ఒక అక్క:

ఆ కామెంటు పెట్టిన పిల్లవాడి గురించి ఎవరూ మాట్లాడలేదు. వాడి పాట ఎవరూ కొనలేదు కదా. వాడిది నోబిడ్ బాధ.

*

మళ్లీ నేనే. అందరి మాటలూ మావాడికి చదివి వినిపించాను. కందుకూరు అక్కా, మీరన్నది విని వాడు వెంటనే లేచి ఫోన్ తీసుకుని మేడ మీదికి వెళ్లాడు. ఆ కుర్రాడితో గంటసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. మర్నాడు ఇద్దరూ పెన్న గట్టునే ఉన్నారు.

ఒంగోలు తమ్ముడూ, నీ మాటకు నా దగ్గర జవాబు లేదు, నువ్వే సరి. గీత యాస దగ్గర లేదు. మావాడు ‘యాడికి’ అన్నది వాడి నాయన అలా అంటాడు కాబట్టి. రేపు వాడు హైదరాబాద్‌లో పదేళ్లుండి ‘ఎక్కడికి’ అని మాట్లాడితే, అప్పుడు అదే వాడి మాట అవుతుంది. అప్పుడు ‘యాడికి’ అని రాస్తేనే అబద్ధం. అద్దంకి పెద్దాయన చెప్పిన మూడు ఖాతాల లెక్క కూడా వాడి పుస్తకంలో రాసుకున్నాడు.

స్టూడియో సంగతి. వాడు వెళ్లి వాళ్ల ముందే చరణం రెండు రకాలుగా పాడి వినిపించాడట. దరువు వేసే అతను రెండోసారి మధ్యలోనే చెయ్యి ఆపి “తప్పుతోంది” అన్నాడు. ‘యాడికి’ ఉండిపోయింది, ‘నాయన’ ఉండిపోయింది. వేరే చరణంలో రెండు మాటలు మార్చుకున్నాడు. అవి మార్చాక ఇంకా బాగున్నాయని వాడే అంటున్నాడు. అనుకున్న దానికంటే తక్కువ డబ్బే ఇచ్చారు, కాగితం మీద రాసినవాడిగా వాడి పేరు వేయించుకున్నాడు.

పోయిన ఆదివారం ఇద్దరం ఊరికి వెళ్లాం. అమ్మకిప్పుడు కళ్లు సరిగ్గా కనపడవు. మా అడుగుల చప్పుడు విని వాకిట్లోకి వచ్చి, గడప పట్టుకుని నిలబడింది. మా చెల్లెలు ఫోన్‌లో ముందే ఏదో చెప్పినట్టుంది.

“పాట అమ్ముడుపోయిందా నాయనా?”

వాడు నా వైపు చూశాడు. తర్వాత ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“పోయింది అమ్మమ్మా.”

“ఎంతకి పోయింది?” అంటూ వాణ్ని లోపలికి తీసుకుపోయింది.