తారెగా గోళ్లు కత్తిరించుకోవడం ముందడుగా, పొరపాటా?

కొత్త_తీగ:
నోకియా ఫోన్ల పాత రింగ్‌టోన్ గుర్తుందిగా? అది ఫ్రాన్సిస్కో తారెగా అనే స్పెయిన్ గిటారిస్టు రాసిన ‘గ్రాన్ వాల్స్’లోని చిన్న ముక్క. నేనూ ఆ దారినే ఆయన దగ్గరికి వచ్చాను. రెండేళ్లుగా క్లాసికల్ గిటార్ నేర్చుకుంటున్నా. ఆయన గురించి చదువుతుంటే ఒక చోట ఆగిపోయాను. అంతవరకు కుడిచేతి గోళ్లతో మీటిన మనిషి, యాభై ఏళ్ల వయసులో, సుమారు 1902లో, గోళ్లు తీసేసి వట్టి వేలికొనలతో వాయించడం మొదలుపెట్టాడు. అప్పటికి ఆయన పేరున్న విద్వాంసుడు. ఆ వయసులో ఎవరైనా చేయి మార్చుకుంటారా? మా మాస్టారైతే “పెద్ద పొరపాటు” అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మీరేమంటారు?

పాత_రికార్డు:
మీ మాస్టారితో నేనూ ఏకీభవిస్తాను. గోరు లేకపోతే శబ్దం చిన్నదైపోతుంది, అంచు పోతుంది. ఆయన రాసినవాటిలో అందరికీ తెలిసిన ‘అల్హంబ్రా జ్ఞాపకాలు’ తీసుకోండి. బొటనవేలు కింద స్వరాలు వేస్తుంటే, ఉంగరపు వేలు, మధ్యవేలు, చూపుడువేలు ఒకే తీగను వరసగా మీటుతూ పోవాలి. వినేవాడికి అది తెగని ధారలా ఉండాలి. వేలికొనతో అదే వాయిస్తే ధార ముద్దగా వినిపిస్తుంది. ఆ ముక్క 1890ల చివర్లోది, అంటే ఆయనకు గోళ్లున్న కాలానిది. తను రాసిన గొప్ప ముక్కకి తనే సాయం తీసేశాడన్నమాట. తర్వాతి తరం స్పెయిన్ గిటారిస్టు సెగోవియా వచ్చి గోరు, వేలికొన రెండూ కలిపి మీటి, మైకు లేకుండా పెద్ద పెద్ద హాళ్లు నింపాడు. లోకం ఏది ఎంచుకుందో కనిపిస్తూనే ఉంది.

వేలికొన:
అన్నా, ఒక్క మాట. ఏ తీగల మీద? నీ చెవిలో ఉన్నది నైలాన్ తీగ. అది 1940ల తర్వాత గానీ గిటార్ మీదికి రాలేదు. తారెగా వాయించింది జంతువుల పేగుతో చేసిన తీగల మీద. దాని ఒళ్లు గరుకు. గోరు తగిలితే గీరినట్టు ఓ చప్పుడు వస్తుంది, తీగ కూడా పోగులు లేస్తుంది. అదే తీగను మెత్తటి వేలికొనతో లాగి చూడు, శబ్దం తక్కువే గానీ గుండ్రంగా ఉంటుంది. నైలాన్ మీద తీర్పు చెప్పి పేగు తీగ వాయించినవాణ్ణి తప్పు పట్టడం న్యాయం కాదు.

రెండోది, ఈ గొడవ ఆయన మొదలుపెట్టింది కూడా కాదు. అంతకు డెబ్బై ఏళ్ల ముందు పారిస్‌లో ఇద్దరు స్పెయిన్ గిటారిస్టులు ఉండేవాళ్లు. ఫెర్నాండో సోర్‌కు గోరంటే గిట్టదు. దియోనిసియో అగ్వాదో గోళ్లతోనే వాయించేవాడు. అయినా ఇద్దరూ ప్రాణస్నేహితులు. ఇద్దరూ కలిసి వాయించడానికి సోర్ ఒక యుగళం రాసి, దానికి ‘ఇద్దరు స్నేహితులు’ అనే పేరు పెట్టాడు. సోర్‌ని విన్నాక అగ్వాదో బొటనవేలికి మాత్రం గోరు మానేశాడు.

ఇక మనిషి సంగతి. చిన్నప్పుడు కాలువలో పడి తారెగా కళ్లు దెబ్బతిన్నాయి. చూపు పోయినా సంగీతంతో బతుకుతాడని తండ్రి కుటుంబాన్ని విలార్రెయాల్ నుంచి కాస్తెయోన్‌కు మార్చాడు. మొదటి గురువులిద్దరూ చూపు లేనివాళ్లే. అలా పెరిగినవాడు జనానికి ఎంత గట్టిగా వినిపిస్తోందనే లెక్క కంటే తన వేలి కింద తీగ ఎలా ఉందో చూసుకున్నాడంటే నాకు వింతగా లేదు.

పాత_రికార్డు:
తీగల సంగతి ఒప్పుకుంటా, అది నేను ఆలోచించలేదు. కాలువ కథ మాత్రం సినిమాలా ఉంది తమ్ముడూ. కళ్లు దెబ్బతిన్నది బాల్యంలో, గోళ్లు తీసింది యాభయ్యో ఏట. మధ్యలో అన్నేళ్లు గోళ్లతోనే వాయించాడుగా!

వేలికొన:
సరే, అది కొట్టేయ్. మిగతా రెండూ నిలబడతాయి.

ఇంటి_వీణ:
మా అక్క వీణ నేర్చుకుంటుంది కాబట్టి ఈ టెన్షన్ మా ఇంట్లోనూ ఉందండీ. గోళ్లతో మీటాలా, వేళ్లకు తీగ తొడుక్కుని మీటాలా అని. గోరు విరిగిన రోజు మాతో మాట్లాడదు కూడా. కానీ వీణవి లోహపు తీగలు. అక్కడ వట్టి వేలికొనతో కచేరీ చేస్తానంటే వేలు మిగలదు. కాబట్టి దాన్ని ఇక్కడ ఉదాహరణగా తేకండి, ఎవరో తెస్తారని ముందే చెబుతున్నా.

మూడో_మెట్టు:
మీరంతా ఆయన శిష్యుల్ని వదిలేశారు. మిగెల్ యోబెట్ 1890లలో ఆయన దగ్గరికి వచ్చాడు, గోళ్లతోనే వాయించాడు. ఎమిలియో పుజోల్ 1902లో చేరాడు, సరిగ్గా ఈ మార్పు జరిగే సమయానికి. ఆయన జీవితాంతం గోరు లేకుండానే వాయించాడు. 1930లో ఈ సమస్య మీదే ఒక చిన్న పుస్తకం రాశాడు. గురువు ఒక్కడే, ఎవరు ఏ సంవత్సరం చేరారో ఆ తారెగా వాళ్లకు దొరికాడు. ఇంకో చిక్కు, తారెగా తన పద్ధతిని పుస్తకంగా రాసి పెట్టలేదు. కాబట్టి “తారెగా పద్ధతి” అని మనం అనేదంతా శిష్యుల చేతుల మీదుగా వచ్చిందే.

పెద్ద హాళ్ల మాటకొస్తే, ఆయన ఎక్కువగా వాయించింది స్నేహితుల ఇళ్లలో, చిన్న గదుల్లో. స్పెయిన్‌లో పేరున్న గిటార్ల తయారీదారు తోర్రెస్ చేసిన గిటార్ ఉండేది, ఆ రోజుల్లో అంత గట్టిగా మోగేవి తక్కువ. అయినా ఆయనకు హాలు నింపాలనే ఆత్రం ఉన్నట్టు లేదు. సెగోవియా పెట్టుకున్న పని వేరు. ఆయన కొలబద్దతో ఈయన్ని కొలవకండి.

పాత_రికార్డు:
ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. అయినా నా పాయింటు ఒకటి మిగిలింది. 1906లో పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, 1909 డిసెంబర్ 15న బార్సిలోనాలో పోయాడు. అంటే కొత్త చేతికి దొరికింది నాలుగేళ్లు. అది ఎక్కడిదాకా వెళ్లేదో తేలకముందే ఆగిపోయింది. అందుకే పొరపాటు అనను, పూర్తికాని ప్రయోగం అంటాను.

కొత్త_తీగ:
నిన్న రాత్రి అందరూ పడుకున్నాక ఒకే ముక్క, తారెగాదే, ‘లాగ్రిమా’, గోళ్లతో ఒకసారి, మరో చేతి కొనలు అరువు తెచ్చుకోలేను కాబట్టి గోళ్లు తీగకి తగలకుండా చేతిని వాల్చి ఒకసారి వాయించి ఫోన్‌లో రికార్డు చేశా. రెండోది బాగా చిన్నగా ఉంది. కానీ అమ్మ పొద్దున్నే రెండూ విని, “ఈ రెండోది ఎవరు వాయించారు?” అని అడిగింది. అగ్వాదో దారిలో ముందు బొటనవేలి గోరు ఒక్కటే తీస్తున్నా. మాస్టారికి చెప్పలేదు ఇంకా.

ఇంటి_వీణ:
తీసే ముందు బాగా ఆలోచించు తమ్ముడూ, మళ్లీ పెరగడానికి నెలలు పడుతుంది. మా అక్కని అడిగి చెబుతున్నా.