జీతం బకాయికి పన్నెండు నెలల లెక్క ఏ రోజు నుంచి వేయాలి?

పటాన్‌చెరు_అకౌంట్స్:
ఒక మందుల కంపెనీలో తొమ్మిదేళ్లు అకౌంట్స్‌లో పనిచేశాను. జీతం నెలకు 42,000. 2022 జనవరి నుంచి జూలై దాకా పైసా రాలేదు. అద్దె, పాప స్కూలు ఫీజు కట్టలేక ఆగస్టులో మానేశాను. అక్టోబరులో కంపెనీల కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలుపెట్టింది. పేపర్లో ప్రకటన చూసి, ఉద్యోగులు బకాయి కోరే ఫామ్ డి నింపాను. అపాయింట్‌మెంట్ లెటరు, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేసి పంపితే 2,94,000 బకాయి నిజమేనని ప్రక్రియ చూసే అధికారి ఒప్పుకున్నారు. ఆ రోజు ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం.

కంపెనీని కొనేవాళ్లు దొరకలేదు. 2024 మార్చిలో లిక్విడేషన్ ఆర్డరు, అంటే ఆస్తులు అమ్మి అప్పులు తీర్చమన్న ఆర్డరు వచ్చింది. లిక్విడేషన్ చూసే అధికారికి ఫోన్ చేసి అడిగితే, "మీరు ఉద్యోగుల వరుసలోకి రారండీ, మిగతా అప్పుల్లోకి వస్తారు" అన్నారు. దివాలా చట్టం సెక్షన్ 53 ప్రకారం కార్మికులు కాని ఉద్యోగుల జీతానికి లెక్క లిక్విడేషన్ మొదలైన రోజు నుంచి వెనక్కి 12 నెలలు. అంటే 2023 మార్చి దాకానే. నేను మానేసి అప్పటికే ఏడు నెలలైంది. కేసు నడిచిన కాలమే నా జీతాన్ని గడువు బయటికి నెట్టేసింది. ఈ లెక్క దివాలా ప్రక్రియ మొదలైన రోజు నుంచి వేయాలని నేనంటాను. మీరేమంటారు?

సీఏ_బెజవాడ:
మీ బాధ అర్థమైంది సార్. కానీ చట్టాన్ని ఒక్క కేసు చూసి మార్చలేం. కంపెనీ ఆస్తులు అమ్మితే వచ్చిన డబ్బు ఎప్పుడూ అప్పులకు సరిపోదు. ముందు ప్రక్రియ ఖర్చులు పోతాయి. తర్వాత కార్మికుల 24 నెలల బకాయిలు, తాకట్టు ఆస్తిని విడిగా అమ్ముకోకుండా ఉమ్మడి లెక్కలోకి వదులుకున్న బ్యాంకులు సమానంగా నిలబడతాయి. ఆ వెంటనే ఉద్యోగుల 12 నెలలు. ప్రభుత్వానికి రావాల్సిన పన్నులు కూడా మీ వెనకే. పాత బకాయిలన్నీ పైకి తెస్తే బ్యాంకులు కంపెనీలకు అప్పివ్వడానికి వెనకాడతాయి. అప్పు పుట్టకపోతే రేపటి ఉద్యోగాలు ఎక్కణ్ణుంచి వస్తాయి?

పటాన్‌చెరు_అకౌంట్స్:
సార్, మీరు చెప్పిన వరుసే తీసుకుందాం. ఉద్యోగుల 12 నెలలు తాకట్టు వదులుకున్న బ్యాంకుల కింద ఉన్నాయి. లెక్క వేసే తేదీని దివాలా ప్రక్రియ మొదలైన రోజుకు జరిపితే వాటి వాటాలోంచి ఒక్క రూపాయి కూడా పోదు. తగ్గేది మా కింద ఉన్నవాళ్లకే. పైగా నేను పన్నెండును ఇరవై నాలుగు చేయమనడం లేదు. ఆ పన్నెండు నెలలే, మేం నిజంగా పనిచేసిన రోజుల్లో లెక్కపెట్టమంటున్నాను.

కార్మికుడి_కూతురు:
అన్నా, కార్మికులకు 24 నెలలున్నా మా నాన్నకూ ఇదే జరిగింది. ఆయన బాయిలర్ దగ్గర పనిచేశారు. స్లిప్పులన్నీ రేకు డబ్బాలో నెలలవారీగా రబ్బరు బ్యాండు వేసి దాచుకున్నారు, కొన్నిటికి నూనె మరకలు కూడా ఉన్నాయి. అధికారి వాటిని చూసి ఒక్క మాట కూడా కాదనలేదు. ఐనా మిల్లు మూతపడిన మూడేళ్లకు లిక్విడేషన్ వచ్చేసరికి ఆ కాగితాలన్నీ 24 నెలల అవతలికి పోయాయి. చట్టం మొత్తం ప్రక్రియకు పెట్టిన గడువు 330 రోజులు. అది దాటితే ఆ నష్టం జీతగాడు ఎందుకు భరించాలి?

లేబర్_లాయర్_వరంగల్:
ముందు ఒక ముఖ్యమైన సంగతి. పీఎఫ్, పెన్షన్, గ్రాట్యుటీ నిధుల డబ్బు లిక్విడేషన్ ఆస్తిలోకే రాదు, సెక్షన్ 36 ఆ మాట స్పష్టంగా చెబుతుంది. దానికి ఈ వరుస, ఈ నెలల లెక్క వర్తించవు. పీఎఫ్ కట్టారో లేదో ఇద్దరూ ఈ వారమే చూసుకోండి. గ్రాట్యుటీకి కంపెనీ విడిగా ఫండ్ పెట్టకపోతే మాత్రం వాదన తప్పదు.

జెట్ ఎయిర్‌వేస్ ఉద్యోగులు పీఎఫ్, గ్రాట్యుటీ కోసం అప్పిలేట్ ట్రిబ్యునల్ దాకా వెళ్లి 2022లో గెలిచారు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అందులో జోక్యం చేసుకోలేదు. కానీ కంపెనీని మళ్లీ నిలబెట్టే ప్లాన్ అమలు కాలేదు, 2024 నవంబరులో అదే కోర్టు లిక్విడేషన్‌కు ఆదేశించింది. విమానాలు ఆగింది 2019 ఏప్రిల్‌లో. గెలిచినవాళ్లకే ఇంత ఎదురుచూపు!

ఇక జీతం బాకీ మీద మనమే సెక్షన్ 9 కింద కంపెనీని ట్రిబ్యునల్‌కు లాగుదాం అనుకునేవాళ్లకు: 2020 మార్చి నుంచి కనీస మొత్తం లక్ష కాదు, కోటి. పదిమంది ఉద్యోగులు కలిసినా చాలాసార్లు సరిపోదు. కార్మికుల తరఫున యూనియన్ వేయొచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ కేసు తీసుకున్నాక రుణదాతల కమిటీలో మనకు ఓటుండదు. తలుపు తట్టింది మనమే అయినా లోపల నిర్ణయించేది వేరేవాళ్లు. కంపెనీ ఇంకా నడుస్తుండగానే లేబర్ అధికారి దగ్గరకు వెళ్లడం మేలని నా అనుభవం. దివాలా ప్రక్రియలో కంపెనీ మీద వేరే కేసులు ఆపే మారటోరియం మొదలయ్యాక ఆ దారి మూసుకుంటుంది.

సీఏ_బెజవాడ:
బ్యాంకుల గురించి నేనన్నది ఉద్యోగుల విషయంలో సరికాదు, ఒప్పుకుంటున్నాను. కార్మికుల 24 నెలల లెక్క మారితే మాత్రం బ్యాంకు వాటా తగ్గుతుంది, అక్కడ నా అభ్యంతరం అలాగే ఉంది. ఇంకొకటి, తాకట్టు లేకుండా డబ్బిచ్చినవాళ్లు కూడా మీ కిందే ఉన్నారు. వాళ్లలో చిన్నవాళ్లూ ఉంటారు.

కార్మికుడి_కూతురు:
సీఏ గారూ, డబ్బిచ్చినవాళ్లు వడ్డీ కోసం ఇచ్చారు, ఇవ్వకుండా ఉండే వీలు వాళ్లకుంది. మా నాన్న ఈ నెల పనిచేస్తేనే వచ్చే నెల ఒకటో తారీఖున జీతం. అది మిల్లుకు ఆయన ఇచ్చిన అప్పని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

పటాన్‌చెరు_అకౌంట్స్:
పీఎఫ్ పాస్‌బుక్ ఇప్పుడే చూశాను లాయర్ గారూ. 2021 నవంబరు తర్వాత జమ లేదు. స్లిప్పుల్లో మాత్రం జూలై దాకా కోత చూపించారు. రేపు పొద్దున్నే పీఎఫ్ ఆఫీసుకు వెళ్తున్నాను. నాతోపాటు మానేసిన ఆరుగురికీ ఫోన్ చేశాను, వాళ్ల పాస్‌బుక్‌లు కూడా తెమ్మన్నాను.