లెదర్ రిక్లైనర్ కొనేముందు ఏది చూడాలి: పైన తోలా, లోపల చెక్కా?

బైరాగిపట్టెడ వాసి

నాన్నకు మోకాళ్ల నొప్పులు. రిటైరయ్యాక రోజులో సగం టీవీ ముందు ప్లాస్టిక్ కుర్చీలోనే గడుపుతున్నారు. ఆయనకో రిక్లైనర్ (వెనక్కి వాలి, కాళ్లు చాపుకునే కుర్చీ) కొందామని నిన్న తిరుపతిలో రెండు షాపులు తిరిగాను. ఒకచోట 38 వేలు, 'ప్యూర్ లెదర్' అన్నారు. రెండోచోట చూడ్డానికి అచ్చం అలాంటిదే, 24 వేలు. మొదటి షాపులో కుర్రాడు సీటు మీద నీళ్ల చుక్క వేసి, అది జారిపోగానే "చూశారా సార్, ఒరిజినల్" అన్నాడు. రెండో షాపులో నేనే చుక్క వేసి చూశాను. అక్కడా జారిపోయింది. మరి 14 వేల తేడా దేనికి? మీరైతే ముందు ఏం చూస్తారు? అసలు షాపులో నిలబడి ఇవన్నీ కనిపెట్టగలమా?

గ్రీంస్‌పేట, చిత్తూరు

తోలే చూడాలండీ. నాలుగేళ్ల కిందట మేం 27 వేలకు కొన్నదాన్ని కూడా లెదర్ అనే అమ్మారు. రెండో ఎండాకాలం దాటేసరికి తల ఆనించేచోట, చేతులు పెట్టుకునేచోట పొర లేచింది. గోరు తగిలితే చాలు, పెచ్చులు ఊడొచ్చేవి. మా మామయ్య తెల్లపంచెతో కూర్చుని లేస్తే వెనకంతా గోధుమరంగు పొట్టు. దులిపితే రాలదు, ఉతికితే వదలదు. ఆయన ఆ కుర్చీ వైపు వెళ్లడమే మానేశారు.

తర్వాత తెలిసింది, అది బాండెడ్ లెదర్ అని. తోలు ఫ్యాక్టరీల్లో మిగిలిన ముక్కల్ని తురిమి, జిగురు కలిపి, గుడ్డ మీద పరిచి, పైన పాలీయూరిథేన్ అనే ప్లాస్టిక్ పూత వేస్తారట. మన ఎండలకూ, కార్తీకమాసం వానల తేమకూ ఆ పూత నిలవలేదు. చెక్క మాత్రం ఇప్పటికీ గట్టిగానే ఉంది. ఏం లాభం? మిద్దె మీద గదిలో పడేశాం.

కుషన్ పనివాణ్ణి

అక్కా, మీ బాధ నిజమే. కానీ 18 ఏళ్లుగా తిరుపతిలో సోఫాల పని చేస్తున్న వాడిగా చెప్తున్నా, ముందు చూడాల్సింది చెక్క.

పోయిన నెల ఒక రిక్లైనర్ వచ్చింది. లివర్ లాగితే ఒక పక్కే లేస్తోంది. బోర్లా తిప్పి, అడుగున నల్లగుడ్డ పిన్నులు పీకి చూశాను. పక్కచెక్క పార్టికల్ బోర్డు, అంటే చెక్కపొట్టును జిగురుతో అచ్చు వేసింది. మెకానిజం ఇనుపపట్టీని పట్టుకున్న నాలుగు స్క్రూల్లో రెండు బయటికి వచ్చేశాయి. వేలు పెడితే బోర్డు పిండిలా రాలుతోంది. మనిషి వెనక్కి వాలిన ప్రతిసారీ బరువంతా పడేది ఆ స్క్రూల మీదే. పైన తోలు చూస్తే కొత్తదానిలా మెరుస్తోంది! ఇక స్క్రూ పట్టదని ప్లైవుడ్ ముక్క వేసి, ఈ పక్క నుంచి ఆ పక్కకు వచ్చేలా నట్టు బోల్టులు బిగించి పంపాను. తోలు పోతే తోలు మార్చుకోవచ్చు. చెక్క పోతే కొత్త కుర్చీ చేసినంత పని.

షాపులో ఇలా చూడండి. కాళ్లున్న కుర్చీ అయితే ముందు కాలు ఒకటి జానెడు ఎత్తండి. పక్క కాలు కూడా దాంతోపాటే లేవాలి. అది నేలనే ఉండిపోతే ఫ్రేము మెలి తిరుగుతోందని అర్థం. కాళ్లు పెట్టుకునే పలక పూర్తిగా బయటికి లాగి పక్కలకు ఊపండి. కొంచెం కదలడం మామూలే, గలగలలాడితే మాత్రం వద్దు.

స్పాంజిని చేత్తో నొక్కి గట్టిగా ఉందంటే సరిపోదు. తేలిక స్పాంజిని కూడా గట్టిగా తయారు చేస్తారు, అది ఏడాదిలో కుంగుతుంది. డెన్సిటీ 40 అంటే ఒక ఘనపు మీటరు స్పాంజి 40 కిలోలు తూగాలి. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఐదంగుళాల మందం ఉన్న సీటు స్పాంజి దాదాపు 1.9 కిలోలు తూగుతుంది. 32 అయితే కిలోన్నర. కిలో దగ్గరే ఆగిపోతే అది దాదాపు 21 డెన్సిటీ, మీకు 40 అని చెప్పినా సరే. సీటు ఊడి వచ్చే రకమైతే జిప్పు తీసి తూకం వేయమనండి.

గ్రీంస్‌పేట, చిత్తూరు

తమ్ముడూ, తోలు మార్చుకోవచ్చని తేలిగ్గా అనేశావు. మా కుర్చీకి అసలు తోలు వేయడానికి నన్ను 16 వేలు అడిగారు, రెక్సిన్ అయితే 7 వేలు. 27 వేలు పెట్టి కొని, మూడో ఏడు మళ్లీ 16 వేలు ఎవరు పెడతారు? రిపేరుకు వచ్చేవే నీకు కనబడతాయి. మాలాగా మిద్దె మీదికి పోయినవి నీ దాకా రావు కదా.

రాణిపేట ఉద్యోగి

మాది చిత్తూరే. వేలూరు, రాణిపేట వైపు టానరీల్లో (తోళ్లు పదును చేసే ఫ్యాక్టరీల్లో) 11 ఏళ్లు పనిచేశాను కాబట్టి తోలు సంగతి చెప్తాను.

నీళ్ల చుక్కతో ఏమీ తేలదు. రంగుపూత వేసిన అసలు తోలు మీదా నీళ్లు జారతాయి, రెక్సిన్ మీదా జారతాయి. పూత లేని తోలైతే చుక్కను పీల్చుకుంటుంది. అంటే ఆ కుర్రాడి లెక్కన అన్నిటికంటే ఖరీదైన తోలే నకిలీ అవుతుంది. వాసనా నమ్మొద్దు, దాన్ని స్ప్రేతో తెప్పిస్తారు. పైన గీతలు, రంధ్రాలు కూడా అచ్చు గుద్దొచ్చు.

పచ్చితోలును మందంలో అడ్డంగా చీలుస్తారు. పైపొరలో నారలు దట్టంగా అల్లుకుని ఉంటాయి, బలం అక్కడే. కింది పొర స్ప్లిట్. దానికి పూత వేసి అమ్మినా 'జెన్యూన్ లెదర్' అనే అంటారు. అబద్ధం కాదు, కానీ పైపొరంత గట్టితనం ఉండదు. ఇంకోటి, చాలా కుర్చీల్లో ఒంటికి తగిలేచోటే తోలు, పక్కలకూ వెనకకూ రెక్సిన్. ధర మాత్రం మొత్తం లెదర్ అన్నట్టే చెప్తారు.

తేల్చుకోవాలంటే కోసిన అంచు చూడాలి. అసలు తోలుకు వెనక వైపు నూగుగా, నారలు నారలుగా ఉంటుంది. క్రోమ్‌తో పదును చేసిందైతే అంచులో కొంచెం నీలిబూడిద ఛాయ కూడా కనబడొచ్చు. రెక్సిన్‌కూ బాండెడ్‌కూ వెనక అల్లిన గుడ్డ ఉంటుంది. ఆ అంచు ఎక్కడుంటుందంటారా? కుషన్ పనివాడు చెప్పిన నల్లగుడ్డ కిందే, పిన్నులు కొట్టినచోట. మీ ఇద్దరూ వాదించుకుంటున్నారు గానీ తోలు చూడాలన్నా చెక్క చూడాలన్నా ముందు కుర్చీని తిప్పాల్సిందే.

అలిపిరి రోడ్డు

కూర్చోబోయే పెద్దాయన గురించి ఒక్కరూ అడగలేదేం? మా అమ్మకు లివర్ రిక్లైనర్ కొన్నాం. కాళ్లపలకను లోపలికి నెట్టాలంటే మడమలతో గట్టిగా తన్నాలి. మోకాళ్లు బాగాలేని మనిషికి అది చేతకాలేదు, ఎవరో ఒకరు వచ్చి దించేదాకా అలాగే కూర్చునేది. మోటారుది అయితే కరెంటు పోయినప్పుడు దిగడానికి బ్యాటరీ ఉందో లేదో కనుక్కోండి. నాన్నగారిని షాపుకు తీసుకెళ్లి ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి. పాదాలు నేలకు ఆనాలి, చేతులు ఆనించి తనంతట తాను లేవాలి. మే నెలలో ఏసీ లేని హాల్లో అయితే ఏ తోలైనా వీపుకు అంటుకుంటుంది. నా మాట వింటే గుడ్డ కవరుది చూడండి.

బైరాగిపట్టెడ వాసి

ఈరోజు నాన్నను తీసుకెళ్లాను. 38 వేల షాపులో నల్లగుడ్డ ఒక మూల విప్పి చూపించమన్నాను. "సీల్ పోతుంది సార్, వారంటీ రాదు" అన్నారు. సరే, 'పూర్తి లెదర్' అని బిల్లు మీద రాసిస్తారా అని అడిగితే, "లెదర్ రిక్లైనర్ అని మాత్రమే వస్తుంది" అన్నారు. అక్కడి నుంచి వచ్చేశాం.

రెండోచోట ఓనరే వచ్చి కుర్చీ బోర్లా వేసి నాలుగు పిన్నులు తీశాడు. సెల్‌ఫోన్ లైటు వేసి చూశాను. మెకానిజం బిగించినచోట ప్లైవుడ్, మూలలకు చెక్కముక్కలు, బోల్టులు. కవరు అంచు వెనక తెల్లటి అల్లికగుడ్డ, అంటే అది తోలు కాదు. "రెక్సినే సార్, నేను లెదర్ అని చెప్పలేదు" అన్నాడు. నిజమే, ఆయన అనలేదు. నాన్న పదిహేను నిమిషాలు కూర్చుని రెండుసార్లు తనే లేచారు. పలక నెట్టడానికి మాత్రం ఇబ్బంది పడ్డారు.

కుషన్ పనివాణ్ణి

అన్నా, ఆ రెండోదే తీసుకోండి. పలక బిగువు స్ప్రింగు వల్ల వస్తుంది. కొన్ని రకాలకు సర్దే నట్టు ఉంటుంది, షాపులోనే వదులు చేయించి నాన్నగారితో మళ్లీ నెట్టించండి. సీటుకూ వీపుకూ గుడ్డ కవరు కుట్టించుకుంటే చెమట బాధ తగ్గుతుంది.

గ్రీంస్‌పేట, చిత్తూరు

రెక్సిన్ అని చెప్పి రెక్సిన్ ధరకు అమ్మేవాడితో నాకు పేచీ లేదు. బిల్లులో కవరు దేనిదో, స్పాంజి డెన్సిటీ ఎంతో, వారంటీ ఫ్రేముకా మెకానిజానికా, ఎన్నేళ్లో రాయించండి. నా బిల్లులో 'రిక్లైనర్ 1' అని మాత్రమే ఉంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే రెండేళ్లలోపు వెళ్లాలి, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. ఇవి తెలిసేసరికి నాకు గడువు దాటిపోయింది.

బైరాగిపట్టెడ వాసి

నట్టు ఉందట, రేపు వదులు చేసి పెడతానన్నాడు. నాన్న నెట్టగలిగితే తీసుకుంటాం. బిల్లు మీద ఈ మూడూ రాయించి, డబ్బు ఆ తర్వాతే కడతాను.