చెక్కకూ అల్యూమినియానికీ ఒకే డెస్క్‌టాప్ సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ నడిపే కోత మెషిన్) సరిపోతుందా?

కొత్తచేయి:
రెండు నెలలుగా తేల్చుకోలేకపోతున్నాను. నా పనిలో నూటికి ఎనభై పాళ్ళు చెక్కే: పెట్టెలు, పేరు పలకలు, అప్పుడప్పుడు గిటార్ భాగాలు. మిగతాది 6 మి.మీ. అల్యూమినియం ప్లేటులోంచి బ్రాకెట్లు. రెండు మెషిన్లు చూసి పెట్టుకున్నాను. ఒకటి బెల్టుతో నడిచేది. పని జాగా 750×750 మి.మీ., పట్టాల మీద దొర్లే వీ-చక్రాలు, స్పిండిల్ (బిట్‌ని తిప్పే మోటార్) బదులు చేతి ట్రిమ్మర్ (చెక్క అంచులు కోసే చిన్న మెషిన్) బిగించుకోవాలి. రెండోదాని జాగా 400×300 మాత్రమే, కానీ 16 మి.మీ. బాల్‌స్క్రూలు (తిరుగుతూ మెషిన్‌ని జరిపే మర కడ్డీలు), లీనియర్ రైళ్ళు (అది జారే పట్టాలు), 800 వాట్ల స్పిండిల్ ఉన్నాయి. రెండింటి ప్రకటనల్లోనూ "చెక్క, అల్యూమినియం, ఇత్తడి, ఉక్కు" అని ఒకటే పాట. రెండూ తెలిసినవాళ్ళ దగ్గర ఉన్నాయి కాబట్టి నడిపి చూడొచ్చు. వెళ్ళాక ఏం చూడాలో తెలియకే ఆగిపోయాను.

రాత్రిషిఫ్టు:
ముందు ఆ పాటలోంచి ఉక్కుని తీసేయండి. 6 మి.మీ. ఎండ్‌మిల్ (పక్కలతోనూ కోసే బిట్) 24,000 ఆర్‌పీఎంలో (నిమిషానికి అన్ని చుట్లు) తిరిగితే దాని అంచు నిమిషానికి 452 మీటర్లు పరుగెడుతుంది. మైల్డ్ స్టీల్‌కి కార్బైడ్‌తో మేం సాధారణంగా వంద మీటర్ల లోపే ఉంటాం. పోనీ వేగం తగ్గిద్దామా అంటే ఈ స్పిండిళ్ళకి తక్కువ వేగంలో బలం ఉండదు. 24,000 దగ్గర 800 వాట్లు ఇచ్చేది 6,000కి దిగితే దాదాపు పావు వంతే ఇస్తుంది.

అల్యూమినియం మీద కూడా నా మాట ఒకటే. చెక్క మెషిన్ చెక్కకి, లోహం మెషిన్ లోహానికి. రెండూ ఒకదానితో అంటే రెండూ సగం సగమే.

చెక్కపొట్టు:
రాత్రిషిఫ్టు అన్నా, ఉక్కు వరకు ఒప్పుకుంటాను. అల్యూమినియం సంగతికొస్తే, నా బెల్టు మెషిన్ మీద రెండేళ్ళుగా ప్లేట్లు కోస్తున్నాను. 3 మి.మీ. సింగిల్ ఫ్లూట్ బిట్ (కోసే పన్ను ఒక్కటే ఉన్నది), ఒక్కో పాస్‌కి (గీత వెంట ఒకసారి కోతకి) 0.3 మి.మీ. లోతు, పక్కన గాలి గొట్టం. అంతే. 6 మి.మీ. ప్లేటుకి ఇరవై పాస్‌లు పడతాయి, పడనీ. అది తిరుగుతుంటే నేను పక్కన ఇసుక కాగితం పడతాను. ఎవరికైనా తొందరుంటే అది వాళ్ళ ఇబ్బంది, మెషిన్‌ది కాదు.

చాలామంది బిట్లు విరగ్గొట్టుకునేది భయంతో. 18,000 ఆర్‌పీఎం, ఒక పన్ను, ఫీడ్ (బిట్ ముందుకి జరిగే వేగం) నిమిషానికి 540 మి.మీ. అనుకోండి. పన్ను ప్రతి చుట్టుకీ 0.03 మి.మీ. మందం రేకు తీస్తుంది. లోహం కదా, మెల్లగా పోదాం అని ఫీడ్ 150కి దించితే ఆ మందం 0.008కి పడిపోతుంది. అప్పుడు పన్ను కోయదు, రాస్తుంది. రాస్తే వేడి, వేడెక్కితే అల్యూమినియం పన్నుకి బంకలా అంటుకుంటుంది, తర్వాత టక్కుమని ఒక చప్పుడు. నేను అలా ఒకే సాయంత్రం మూడు బిట్లు పోగొట్టుకున్నాను, నాలుగోది పెట్టి ఫీడ్ పెంచాక బుద్ధొచ్చింది.

వెర్నియర్:
ఇద్దరూ "కోస్తుంది", "కోయదు" అంటున్నారు. అసలు అడగాల్సింది ఎంత వంగుతుందని. చెక్కపొట్టు గారు చెప్పిన ఆ 0.03నే తీసుకోండి. కోతలో బలం పడ్డప్పుడు బిట్ కొన 0.06 వెనక్కి జరిగే మెషిన్ అయితే, పన్ను ఒక చుట్టులో రాసుకుంటూ పోయి తర్వాతి చుట్టులో రెండు రేకులు కలిపి కొరుకుతుంది. మనకి వినపడే ఆ గరగర అదే. చెక్కలో రేకు 0.1 మి.మీ. దాకా ఉంటుంది, చెక్క మెత్తన కూడా, అందుకే అదే ఊగిసలాట అక్కడ ఎవరికీ పట్టదు.

కాబట్టి కొత్తచేయి గారూ, వెళ్ళేటప్పుడు ఒక డయల్ గేజ్ (సన్నటి కదలికని ముల్లుతో చూపే కొలత పరికరం), మాగ్నెటిక్ స్టాండ్, సూట్‌కేస్ తూచే కొక్కెం కాటా పట్టుకెళ్ళండి. బెడ్ అల్యూమినియం అయితే మాగ్నెట్ అతుక్కోదు, ఒక ఇనప పలకని బెడ్‌కి గట్టిగా క్లాంప్ చేసి దాని మీద నిలబెట్టండి. స్పిండిల్ ఆపి, దాని ప్లగ్ పీకేసి, మెషిన్‌ని జరిపే స్టెప్పర్ మోటార్లకి మాత్రం కరెంటు ఉంచండి, అవి పట్టి ఉంచాలి. కొలెట్‌లో (బిట్‌ని పట్టే బిగింపు) బిట్ బదులు నున్నటి 6 మి.మీ. పిన్ను బిగించి, జెడ్‌ని (పైకీ కిందికీ జరిగే భాగాన్ని) నిజంగా కోసే ఎత్తుకి దింపండి. పైకి లేపి కొలిస్తే ప్రతి మెషిన్ పహిల్వానే. గాంట్రీ (స్పిండిల్‌ని మోసే అడ్డ దూలం) నడిమధ్యకి తెచ్చి, గేజ్ ముల్లు పిన్నుకి ఒక పక్క ఆనించి, రెండో పక్క కాటా తగిలించి 5 కిలోలు లాగండి. ముల్లు ఎంత కదిలిందో రాసుకోండి. ఎక్స్, వై రెండు దిక్కుల్లోనూ, అంటే అడ్డంగానూ ముందూ వెనకా కూడా. వదిలాక ముల్లు సున్నాకి తిరిగి రాకపోతే అది వంపు కాదు, ఎక్కడో ప్లే (వదులు) ఉంది.

ఇంకో మాట. గేజ్‌ని పిన్ను మీంచి తీసి జెడ్ పలక మీద, తర్వాత గాంట్రీ చివర పెట్టి అదే లాగుడు లాగితే దొంగ ఎవరో దొరుకుతాడు. చాలాసార్లు వంగేది స్క్రూ కాదు, గాంట్రీ దూలం మెలి తిరుగుతుంది.

చెక్కపొట్టు:
వెర్నియర్ గారూ, మీ లెక్కలో ఒక మెలిక ఉంది. ఎప్పుడూ ఒకే దిక్కుకి, ఒకేలా వంగితే కోతకి ఇబ్బందేం లేదు. కొలత తప్పుతుంది, అంతే. 0.2 మి.మీ. వదిలి రఫ్ కోసి, చివర ఒక ఫినిష్ పాస్ వేస్తే ఆ తప్పూ పోతుంది. చిక్కల్లా ఊగడంతోనే. లోతు తక్కువైతే ఊగదు. నేను చేసేది అదేగా.

వెర్నియర్:
ఆ సవరణ సరైనదే, ఒప్పుకుంటున్నాను. కానీ మెత్తని మెషిన్‌లో ఊగకుండా కోయగలిగే కిటికీ చాలా ఇరుకు. మీకు రెండేళ్ళ చెయ్యి ఉంది. మొదటిరోజు బిట్ 15 మి.మీ. బయటికి ఉండాల్సింది 30 ఉంచితే, అదే బలానికి బిట్ వంపు ఎనిమిది రెట్లు. కొత్తవాళ్ళకి ఇలాంటివి తెలియవు. గట్టి మెషిన్ కొన్ని తప్పులు క్షమిస్తుంది, మీది క్షమించదు.

రాత్రిషిఫ్టు:
మీరిద్దరూ కోత దగ్గరే ఆగిపోయారు. కోత అయ్యాక సంగతి? ఎండీఎఫ్ (చెక్క నార నొక్కి చేసిన పలక) పొడి బాల్‌స్క్రూ గ్రీజులో పడితే ముద్దవుతుంది, నట్‌లోకి పోతుంది. అల్యూమినియం మీద చల్లిన కూలెంట్ (చల్లబరిచే ద్రవం) స్పాయిల్‌బోర్డుకి (పని ముక్క కింద వేసే పలక) తగిలితే ఎండీఎఫ్ ఉబ్బుతుంది, మర్నాడు పేరు పలక చెక్కితే ఒక మూల లోతు, ఒక మూల పైపైన. కింద మిగిలిన లోహపు రజను మీద నున్నటి చెక్క పెట్టి క్లాంప్ బిగించండి, తిప్పి చూస్తే గీతలే గీతలు. ఒకే వ్యాక్యూమ్‌లోకి చెక్కపొడి, వేడి లోహపు తునకలు రెండూ లాగడం మంటతో ఆటే. స్పిరిట్ చల్లుకుంటూ కోసేవాళ్ళని చూస్తే నాకు టెన్షన్. రెండు మెషిన్లు అన్నది ఇందుకే, గొప్పకి కాదు.

చెక్కపొట్టు:
ఇది మాత్రం నిజం. నేను అల్యూమినియం రోజున వేరే స్పాయిల్‌బోర్డు బిగిస్తాను, కూలెంట్ అసలు వాడను. ఇల్లు మారినంత పని, తిట్టుకుంటూనే చేస్తాను. మాస్కు మాత్రం చెక్క రోజున ఇంకా ముఖ్యం. చెక్కపొడిని ఐఏఆర్‌సీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం) క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది, మంచి వాసనొస్తోంది కదా అని పీల్చకండి.

అన్నట్టు ఆ చిన్న గట్టి మెషిన్‌కీ ఒక లోటుంది, ఎవరూ అనడం లేదు. చెక్కకి వేగం కావాలి. 6 మి.మీ. రెండు ఫ్లూట్ల బిట్, 18,000 ఆర్‌పీఎం, 0.1 రేకు అంటే ఫీడ్ 3,600. ఒక చుట్టుకి 5 మి.మీ. జరిగే స్క్రూ అయితే మోటార్ 720 ఆర్‌పీఎం తిరగాలి. స్టెప్పర్ వేగం పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది, తక్కువ వోల్టేజీ డ్రైవర్ అయితే అక్కడ చేతులెత్తేస్తుంది. ఫీడ్ తగ్గిస్తే చెక్క మాడి అంచు నల్లబడుతుంది. పైగా 400×300లో గిటార్ బాడీ ఎలా పడుతుంది?

చిన్నకొలెట్:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. స్పిండిల్ రనౌట్ (తిరిగేటప్పుడు బిట్ ఇరుసు తప్పి ఊగడం) కూడా కొలవండి. కొలెట్‌లోని పిన్నుకి గేజ్ ఆనించి చేత్తో తిప్పితే ముల్లు 0.04 ఊగిందనుకోండి, రెండు ఫ్లూట్ల బిట్‌తో అల్యూమినియం కోస్తే ఒక పన్నే పనంతా చేస్తుంది, రెండోది షికారు కొడుతుంది. సింగిల్ ఫ్లూట్‌కి ఆ గొడవ దాదాపు ఉండదు, ఉన్నది ఒక్క పన్నే కాబట్టి. ట్రిమ్మర్లతో అది బాగా నడవడానికి ఇదీ ఒక కారణం. రనౌట్ ఎక్కువుంటే కొలెట్ విప్పి తుడిచి మళ్ళీ కొలవండి. ఒక్క పొట్టు తునక చాలు.

కొత్తచేయి:
రెండు చోట్లకీ వెళ్ళొచ్చాను. రాసుకున్నవి ఇవి.

5 కిలోల లాగుడుకి బెల్టు మెషిన్ ఎక్స్‌లో 0.31, వైలో 0.22 మి.మీ. జరిగింది. బాల్‌స్క్రూది ఎక్స్‌లో 0.06. వైలో 0.15 వచ్చేసరికి నీరుగారిపోయాను. వదిలాక కూడా ముల్లు 0.09 దగ్గరే ఆగిపోయింది. వెర్నియర్ గారి మాట గుర్తొచ్చి స్క్రూ వెంట వెతికితే మోటార్ కప్లింగ్ (మోటార్‌ని స్క్రూకి కలిపే ముక్క) మీద చిన్న గ్రబ్ స్క్రూ వదులుగా ఉంది. అలెన్ కీతో బిగించి మళ్ళీ కొలిస్తే 0.06, వదిలితే సున్నాకి వచ్చేసింది. ఓనర్ ఆర్నెల్లుగా గుండ్రాలు కోడిగుడ్డులా వస్తున్నాయని సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుంటున్నాడట.

నాలుగు మూలల్లో రంధ్రాలు వేసి కర్ణాలు కొలిచాను. బెల్టుదానిలో 400×300కి ఒకటి 500.6, ఇంకోటి 499.4. గాంట్రీ కాస్త వంకర. చిన్నదానిలో కొలిచినంత మేర తేడా కనపడలేదు. మోటార్లు స్టెప్‌లు మిస్ అయి లెక్క తప్పుతాయేమోనని రెండింటినీ గేజ్ సున్నా చేసి, గాలిలో యాభైసార్లు వేగంగా అటూ ఇటూ తిప్పి అక్కడికే తెప్పించాను. రెండూ సున్నాకే వచ్చాయి. 3,600 ఫీడ్‌లో చిన్నది కొంచెం కీచుమంది కానీ ఆగలేదు.

ఆ తర్వాత ఒకే ప్లేటు ముక్క, ఒకే సింగిల్ ఫ్లూట్ బిట్. బెల్టుదాని మీద చెక్కపొట్టు గారి 0.3 లోతుతో కోత శుభ్రంగానే వచ్చింది, ఆశ్చర్యపోయాను. 0.6కి పెంచగానే అరుపు మొదలైంది, గోడ మీద చేప పొలుసుల్లాంటి గుర్తులు. రెండోదాని మీద 1 మి.మీ. లోతులో కూడా చప్పుడు ఒకే శ్రుతిలో ఉంది, తునకలు చేతికి చిన్న చిన్న రేకుల్లా తగిలాయి, పొడిలా కాదు.

వెర్నియర్:
చూశారుగా. 5 కిలోలకి 0.31 అంటే కిలోకి 0.06. రేకుకి రెట్టింపు.

చెక్కపొట్టు:
చూశాంగా, 0.3లో శుభ్రంగా కోసింది :) ఆ కర్ణాల తేడా కూడా అరగంట పని. గాంట్రీ ఒక పక్క విప్పి, స్టాపర్లకి ఆనించి బిగించమనండి. గాంట్రీ వంకర సరిచేయొచ్చు, 400×300ని 750 చేయలేం. ఎనభై పాళ్ళు చెక్క అన్నది మీరే.

కొత్తచేయి:
అదే ఆలోచించాను. బెల్టుదే తీసుకుంటున్నాను. నెలకి నాలుగైదు బ్రాకెట్లకి ఇరవై పాస్‌లు భరిస్తాను, కానీ రోజూ పలకల్ని ముక్కలుగా జరుపుకుంటూ చెక్కలేను. వేరే స్పాయిల్‌బోర్డు మొదటిరోజే కోసి పెట్టుకుంటాను. బ్రాకెట్ల పని పెరిగితే అప్పుడు రాత్రిషిఫ్టు గారి మాట వింటాను, రెండో మెషిన్.

రాత్రిషిఫ్టు:
పెరుగుతుంది, చూస్తుండు. అది సరే, ఆయన కప్లింగ్ స్క్రూకి థ్రెడ్‌లాక్ (మర వదులవకుండా పట్టే జిగురు) వేశావా, ఊరికే బిగించి వచ్చేశావా?

కొత్తచేయి:
ఊరికే బిగించి వచ్చేశాను. ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను.