తెలుగు ఎడిటోరియల్స్ మీద డిస్కోర్స్ అనాలిసిస్: ఆర్‌ఎస్‌టీ వాడాలా, పెన్ ట్రీబ్యాంక్ పద్ధతా?

భాషావిద్యార్థి:
ఎంఏ లింగ్విస్టిక్స్ చేస్తున్నానండీ, ప్రాజెక్టుకి పేపర్ ఎడిటోరియల్స్‌లో వాక్యానికీ వాక్యానికీ ఉన్న సంబంధం మార్క్ చేయాలి. మాన్, థాంప్సన్‌ల 1988 ఆర్‌ఎస్‌టీ (రెటారికల్ స్ట్రక్చర్ థియరీ) పేపర్ చదివా, వాక్యాల మధ్య సంబంధాలు గుర్తుపెట్టిన పెన్ డిస్కోర్స్ ట్రీబ్యాంక్ అనే పాఠాల సేకరణ మాన్యువల్ కూడా చూశా, రెండూ ఒకే పని చేస్తున్నట్టు అనిపిస్తోంది. తేడా ఎక్కడ?

గోదారిగట్టు:
తేడా పెద్దదేనండీ. ఆర్‌ఎస్‌టీలో వ్యాసం మొత్తం ఒకే చెట్టులో ఇమడాలి, ఏ ముక్కా విడిగా మిగలకూడదు, పైగా చాలా సంబంధాల్లో ఒకటి న్యూక్లియస్ అంటే అసలు మాట, రెండోది దానికి ఆసరాగా ఉండే శాటిలైట్. "కాలేజీకి సెలవిచ్చారు. ఊళ్ళోకి నీళ్ళొచ్చాయి." ఇందులో రాసినవాడు చెప్పదల్చుకుంది సెలవు గురించైతే రెండోది శాటిలైట్. పెన్ వాళ్ళకి ఆ గొడవ లేదు, మధ్యలో "ఎందుకంటే" పెడితే అతుకుతుందా అని చూసి, కారణం అని రాసి ముందుకెళ్ళిపోతారు. వాల్ స్ట్రీట్ జర్నల్ మీద చేసిన 2008 వెర్షన్‌లో కనెక్టివ్ ("ఎందుకంటే" లాంటి కలిపే మాట) పైకి కనిపించేవి 18 వేల పైచిలుకు, కనిపించకుండా చదివేవాళ్ళే కలుపుకునేవి 16 వేల పైచిలుకు, అంత పని పాఠకుడి బుర్రలోనే జరుగుతోందన్నమాట.

క్త్వార్థకం:
తెలుగుకొచ్చేసరికి అసలు చిక్కు యూనిట్ దగ్గరే, అంటే సంబంధం మార్క్ చేయడానికి ఏది ఒక ముక్క అన్న దగ్గరే వస్తుంది. "లేచి స్నానం చేసి బయల్దేరాడు", ఇది వరస. "ఎండలు మండి చెరువులు ఎండిపోయాయి", ఇది కారణం. క్రియ రూపం రెండిట్లో ఒకటే, కర్తలు వేరైనప్పుడు మనకి ఎక్కువగా కారణమే తడుతుంది. -తే, -నా అయితే షరతో, అయినప్పటికీ అనో కొంత చెప్తాయి, "చేసి", "మండి" లాంటి రూపం అదీ చెప్పదు. ఇంగ్లీషు లాగా కనెక్టివ్ పదాల లిస్టు పట్టుకుని వెతికితే ఇవన్నీ జారిపోతాయి, కాబట్టి వీటిని యూనిట్‌గా తీసుకుంటారా లేదా అన్నది ముందే రాసిపెట్టుకోండి.

భాషావిద్యార్థి:
చాలా థాంక్సండీ. ఇంకోటి, "ధరలు మండుతున్నాయి. ప్రభుత్వం వెంటనే జోక్యం చేసుకోవాలి." ఇలాంటివి కారణమా, ఒప్పించడమా?

గోదారిగట్టు:
రెండూనూ. 1992లో మూర్, పొలాక్ ఆర్‌ఎస్‌టీ మీద లేవనెత్తిన అభ్యంతరం సరిగ్గా ఇదే, విషయాల మధ్య సంబంధం ఒకటి, రచయిత ఉద్దేశం ఇంకోటి, ఒకే జతలో రెండూ ఉంటాయి, ఆర్‌ఎస్‌టీ ఏమో ఒకటే ఎంచుకోమంటుంది. ఎడిటోరియల్ అంటేనే ఒప్పించడం కాబట్టి నేనైతే రెండు కాలమ్స్ పెడతా. ముందు ఒక నాలుగైదు ఎడిటోరియల్స్ మీరూ మీ ఫ్రెండూ విడివిడిగా మార్క్ చేసి పోల్చుకోండి, ఎక్కడ తేడా వస్తే అక్కడ రూల్ రాసుకోండి.