నేపుల్స్‌లో ఓడ ఆగేది ఒక్క పగలే: పాంపేయికి వెళ్లాలా, మెట్రో చూడాలా?

ఓడప్రయాణి: మధ్యధరా క్రూయిజ్‌లో మా ఓడ నేపుల్స్‌లో పొద్దున ఎనిమిదికి ఆగి సాయంత్రం ఐదుకు బయలుదేరుతుంది. అందరూ పాంపేయికే వెళ్లమంటున్నారు. నాకేమో తొలేదో మెట్రో స్టేషన్ చూడాలని ఉంది. ఉన్న ఒక్క పగలూ స్టేషన్లకు పెట్టడం తెలివితక్కువా?

సుబ్బారాయుడు_తెనాలి: తెలివితక్కువే. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన ఊరు అంత దగ్గరలో ఉండగా రైలు స్టేషన్ చూడడమేమిటి? గుడి దాకా వెళ్లి చెప్పుల స్టాండు చూసి వచ్చినట్టు.

సొరంగం: అది మామూలు స్టేషన్ కాదండీ. స్పెయిన్ వాస్తుశిల్పి ఆస్కార్ టుస్కెట్స్ రూపకల్పన, 2012లో తెరిచారు, లోతు 50 మీటర్లు. పైఅంతస్తులో నల్లటి గోడలు, తవ్వకంలో బయటపడ్డ, ఒకప్పుడు నేపుల్స్‌ను ఏలిన ఆరగాన్ రాజుల నాటి కోటగోడ ముక్క. కాస్త దిగితే అంతా పసుపు, అది అక్కడి నేలలోని రాయి రంగు. సముద్రమట్టం దాటి కిందికి వెళ్లగానే గోడలు నీలమవుతాయి. ఎస్కలేటర్ మీద తల పైకెత్తి చూస్తే చుట్టూ చిన్న చిన్న నీలి పలకలు, మధ్యలో పెద్ద బిలం, దాని చివర వీధి వెలుగు.

సుబ్బారాయుడు_తెనాలి: ఆ వెలుగు ఎండ కాదు, బల్బులు. నేను చూశాను.

సొరంగం: రెండూ ఉన్నాయి. బిలం నిజంగానే వీధి దాకా తెరుచుకుంది. లోపల దీపాలు అమెరికా రంగస్థల కళాకారుడు రాబర్ట్ విల్సన్ పని.

సుబ్బారాయుడు_తెనాలి: బల్బులున్నాయని ఒప్పుకున్నారు. చాలు.

నీలవేణి: బల్బుల సంగతి తరువాత. రేవు నుంచి ఎంత దూరం?

సొరంగం: ఓడ దిగితే ఎదురుగా కాస్తెల్ నువోవో కోట, దాని దగ్గరే మునిచిపియో స్టేషన్. అది తవ్వుతుంటే రోమన్ల కాలపు రేవు, పడవలు బయటపడ్డాయి. స్టేషన్ తెరిచేసరికి 2015 అయింది. అక్కడి నుంచి లైన్ 1లో మొదట వచ్చేది తొలేదో, తరువాత దాంతే. దాంతేలో కునెల్లిస్ అనే కళాకారుడు ఇనుప పట్టాల కింద నిజమైన బూట్లు ఇరికించి పెట్టాడు, ఫొటోలో కంటే ఎదురుగా చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఆ తరువాతది మ్యూజియో. పాంపేయిలో దొరికిన అలెగ్జాండర్ మొజాయిక్, అంటే చిన్న రంగురాళ్లు పేర్చి చేసిన అలెగ్జాండర్ యుద్ధ చిత్రం, ఉన్నది పాంపేయిలో కాదు, ఆ స్టేషన్ పక్కనున్న మ్యూజియంలో.

చిల్లరపైసా: 1976లో పని మొదలుపెట్టి 1993లో మొదటి ముక్క నడిపిన లైను అది. రైల్లో ఇరుక్కుని పనికి వెళ్లేవాడికి నీలి పలకలెందుకు?

సొరంగం: వాడికే కావాలి. మ్యూజియానికి వెళ్లే తీరిక లేనిది వాడికే.

సుబ్బారాయుడు_తెనాలి: మా అల్లుడూ అచ్చం ఇవే మాటలు చెప్పాడు. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు, ఎస్కలేటరంటే భయం. చేతిపట్టీ గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని దిగింది. అతను వెనక్కి చూడకుండా ఫొటోలు తీసుకుంటూ పోయాడు. బళ్లో చదువుకున్న నాటి నుంచి ఆమె చూడాలనుకున్నది పాంపేయి.

సొరంగం: మీ కోపం అల్లుడి మీద. మధ్యలో తొలేదో ఏం చేసింది? పాంపేయిలో అన్నీ ఎగుడుదిగుడు రాతిబాటలు, నీడ కరవు. ఆ మోకాళ్లతో ఎలా నడిచేవారు?

సుబ్బారాయుడు_తెనాలి: అది తేల్చుకోవాల్సింది ఆమె. మీరూ కాదు, మా అల్లుడూ కాదు, నేనూ కాదు. టికెట్ల డబ్బు అతనిది కదా అని నోరు మెదపలేదు. పిల్లల ఖర్చుతో వెళ్తే పెద్దవాళ్లు సామాను కిందే లెక్కా?

నీలవేణి: ఖర్చు పెట్టేవాళ్లకు ఒక్క పూటైనా సొంత ఇష్టం ఉండకూడదా? మా అత్తమామలను తీసుకెళ్లాం. ప్రతి ఊళ్లోనూ ‘మీ ఇష్టం’ అన్నారు. తిరిగి వచ్చాక మాత్రం ఏమీ చూపించలేదని చుట్టాలందరికీ చెప్పారు.

సుబ్బారాయుడు_తెనాలి: ‘మీ ఇష్టం’ అంటే నమ్మేశారా?

నీలవేణి: నమ్మక? మనసులో దూరి చూడమంటారా?

నిర్వాహకుడు: ఇంటి గొడవలు ఇక్కడ వద్దు. ఓడప్రయాణి గారూ, మీతో ఎవరెవరు వస్తున్నారు?

ఓడప్రయాణి: మా ఆవిడ, అత్తగారు, మామగారు.

సుబ్బారాయుడు_తెనాలి: ఆ ముక్క మొదటే ఎందుకు రాయలేదు? వాళ్లను అడిగారా?

ఓడప్రయాణి: ఇప్పుడే అడిగాను. మామగారు పాంపేయి అన్నారు, మా ఆవిడ ఆయనతో వెళ్తుందట. అత్తగారు ఓడలోనే ఉంటానన్నారు.

సొరంగం: అయితే ఆమెను తొలేదోకు తీసుకెళ్లండి. మునిచిపియో తరువాతి స్టేషనే కదా.

సుబ్బారాయుడు_తెనాలి: ఉంటానన్నారు కదండీ. మళ్లీ మొదలుపెట్టకండి.